బ్లేడ్ రన్నర్ ఏ వెర్షన్ చూడాలి? డెకార్డ్ మనిషా, కాదా?

మీరు అడిగింది ఇదీ: 1982 నాటి హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమా బ్లేడ్ రన్నర్ రెండుసార్లు మొదలుపెట్టారు, రెండుసార్లూ గంట లోపే నిద్రపోయారు. ఏడు వెర్షన్లు ఉన్నాయని విన్నారు, ఏది చూడాలో తేలలేదు. హీరో డెకార్డ్ మనిషా, లేక రెప్లికెంటా, అంటే తయారుచేసిన కృత్రిమ మనిషా? ఈ గొడవంతా లేకుండా నేరుగా దీని సీక్వెల్ బ్లేడ్ రన్నర్ 2049 చూసేయొచ్చా?

ముందు సూటిగా జవాబులు. 2007లో వచ్చిన ఫైనల్ కట్ చూడండి, మిగతావి ఇప్పటికి వద్దు. డెకార్డ్ సంగతికొస్తే దర్శకుడు రిడ్లీ స్కాట్ రెప్లికెంట్ అంటాడు, ఆ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ మాత్రం మనిషే అని దశాబ్దాల పాటు వాదించాడు. నా ఓటు ఫోర్డ్‌కే, ఎందుకో కింద చెప్తాను. 2049 నేరుగా చూడకండి. ఇక నిద్ర గురించి సిగ్గుపడక్కర్లేదు. నేను ఎడిటర్‌ని. ఇరవై ఏళ్ళ పైనుంచి ఇదే పని. ఆదివారాలు కృష్ణానగర్‌లో ఒక మిత్రుడి గదిలో అసిస్టెంట్ కుర్రాళ్ళకి సినిమాలు వేసి, మధ్యమధ్యలో ఆపి మాట్లాడుకుంటాం. ఈ సినిమా అక్కడ పదిసార్లకు తక్కువ కాకుండా వేసుంటాను. ఒక్కసారి కూడా గురక వినపడకుండా అయిపోలేదు.

ఇక్కడి నుంచి కథ మొత్తం చెప్పేస్తాను. మీరు ముందు చూస్తానంటే ఇక్కడే ఆగిపోండి.

మధ్యలో వదిలేశారు కాబట్టి రెండు ముక్కల్లో కథ. 2019 నవంబరు, లాస్ ఏంజెలెస్. టైరెల్ కార్పొరేషన్ అనే కంపెనీ అచ్చం మనుషుల్లా ఉండే రెప్లికెంట్లను తయారుచేసి, భూమి బయటి కాలనీల్లో వెట్టిచాకిరీకి పంపుతుంది. ఇవి ఇనుప మరలతో నడిచే రోబోలు కావు, రక్తమాంసాలున్నవే. నెక్సస్-6 రకానికి ఆయుష్షు నాలుగేళ్ళే. కొందరు తప్పించుకుని భూమికి వస్తారు, ఆయుష్షు పెంచమని తమను పుట్టించినవాణ్ణే అడగడానికి. వాళ్ళను వెతికి చంపే పోలీసును బ్లేడ్ రన్నర్ అంటారు. చంపడాన్ని అక్కడ చంపడం అనరు, ‘రిటైర్ చేయడం’ అంటారు. డెకార్డ్ ఆ పని చేసేవాడు.

ఇప్పుడు వెర్షన్ల గొడవ. ఏడు అన్నది నిజమే గానీ ఏడూ చూడటం మీకు అనవసరం. 1982 మార్చిలో డెన్వర్, డాలస్ నగరాల్లో జనానికి వేసి చూసిన వర్క్‌ప్రింట్ (ఇంకా పూర్తి కాని ప్రింటు) ఒకటి. మే నెలలో శాన్ డియేగోలో వేసిన ప్రివ్యూ ఇంకొకటి. జూన్ 25న అమెరికాలో రిలీజైనది, కాస్త రక్తం ఎక్కువగా ఉన్న విదేశీ ప్రింటు, టీవీ కోసం కత్తిరించింది మరో మూడు. తర్వాత 1992 నాటి డైరెక్టర్స్ కట్, 2007 నాటి ఫైనల్ కట్. వీటిలో స్కాట్ చేతికి పూర్తి పగ్గాలు దొరికింది ఆఖరి దానిలోనే. 1992 వెర్షన్‌కి పేరు డైరెక్టర్స్ కట్ అయినా, ఆయన పంపిన నోట్స్ పట్టుకుని వేరేవాళ్ళు హడావిడిగా చేసిందది.

అసలు తేడా ఎక్కడుందంటే వాయిస్ ఓవర్ దగ్గర, క్లైమాక్స్ తర్వాతి ముక్క దగ్గర. ప్రివ్యూల్లో జనానికి అర్థం కాలేదు. డబ్బు పెట్టినవాళ్ళకి టెన్షన్ పట్టుకుంది. బడ్జెట్ దాటిపోయింది కాబట్టి ఒప్పందం ప్రకారం అప్పటికే పగ్గాలు వాళ్ళ చేతికి వెళ్ళాయి. డెకార్డ్ గొంతుతో కథంతా విడమరిచి చెప్పించారు. చివర్లో డెకార్డ్, అతను ప్రేమించిన రెప్లికెంట్ రేచల్ పచ్చని కొండల మధ్య కారులో హాయిగా వెళ్ళిపోతున్నట్టు ఒక ముక్క అతికించారు. ఆ కొండల షాట్లు కూడా ఈ సినిమావి కావు. స్టాన్లీ కూబ్రిక్ తన ‘ది షైనింగ్’ కోసం హెలికాప్టర్ నుంచి తీయించి వాడకుండా వదిలేసిన ఫుటేజిని అడిగి తెచ్చుకున్నారు. సినిమా అంతా చీకటి, వాన, పొగ. ఆఖరి నిమిషంలో ఎండ. అతుకు ఎక్కడుందో ఎవరూ చూపించక్కర్లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వాయిస్ ఓవర్ ఆలోచన నిర్మాతల బుర్రలోనే పుట్టలేదు, స్క్రిప్టు తొలి రోజుల నుంచీ ఉంది. పాత డిటెక్టివ్ సినిమాల తరహా కదా. చెడింది ఎక్కడంటే, కళ్ళముందు కనిపిస్తున్నదాన్నే మళ్ళీ చెవిలో చెప్పడం దగ్గర.

ఇది నాకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. చాలా ఏళ్ళ కిందట నేను కట్ చేసిన ఒక చిన్న సినిమాకి ప్రివ్యూ వేశాక ఫైనాన్షియర్ గారు “సెకండాఫ్ అర్థం కావట్లేదయ్యా, హీరో చేత చెప్పించేద్దాం” అన్నారు. మూడు రాత్రులు డబ్బింగ్ థియేటర్‌లో కూర్చుని చెప్పించాం. తండ్రి సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటే షాట్ ఒకటి ఉండేది, మాట లేదు, చెప్పుల చప్పుడు తప్ప మరేం లేదు. దాని మీద “ఆ రోజు నాన్న మమ్మల్ని వదిలి వెళ్ళిపోయాడు” అని హీరో గొంతు. షాట్ చచ్చిపోయింది. అంతకుముందు ఆ షాట్ దగ్గర ప్రేక్షకుడు తనకు తనే ఏదో ఊహించుకునేవాడు, ఇప్పుడు ఆ పని మేమే చేసేశాం. సినిమా ఎలాగూ ఆడలేదనుకోండి, అది వేరే కథ.

బ్లేడ్ రన్నర్‌లో దీనికి సమానమైన చోటు మేడ మీద, వానలో. తప్పించుకొచ్చిన రెప్లికెంట్ల నాయకుడు రాయ్ బాటీ, డెకార్డ్‌ను చావు నుంచి కాపాడి, తలవంచి చనిపోయాక ఎదురుగా కూర్చున్న డెకార్డ్ మొహం మీద షాట్ నిలబడుతుంది. ఫైనల్ కట్‌లో అక్కడ వాన, సంగీతం, ఆ మొహం అంతే. 1982 థియేటర్ ప్రింటులో అదే మొహం మీద, రాయ్ తనను ఎందుకు బతికించాడో డెకార్డే మనకు వివరిస్తాడు. రెండూ పక్కపక్కన వేసి చూపిస్తే మా కుర్రాళ్ళకి ఎడిటింగ్ గురించి నేను గంటసేపు చెప్పేదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

వెర్షన్ చూసుకోకపోతే ఏమవుతుందో కూడా చెప్తాను. ఒకసారి కుర్రాళ్ళను ఇంటి దగ్గరే చూసి రమ్మన్నాను. ఆదివారం చర్చ మొదలైంది. ఒకడు “రేచల్‌కి నాలుగేళ్ళ గడువు లేదు సార్, చివర్లో చెప్తాడుగా” అంటాడు. ఇంకొకడు “ఎక్కడ చెప్పాడు? లిఫ్ట్ తలుపు మూసుకోగానే సినిమా అయిపోయింది” అంటాడు. అరగంట కొట్టుకున్నాక తేలింది, మొదటివాడు చూసింది కొండల ముగింపు ఉన్న పాత ప్రింటు. ఇద్దరూ కరెక్టే, చూసిన సినిమాలే వేరు. కాబట్టి మొదలుపెట్టగానే డెకార్డ్ గొంతు మీతో కబుర్లు చెప్పడం మొదలుపెడితే ఆపేసి, వెర్షన్ పేరు చూసుకోండి. మీరు ఆ రెండుసార్లు చూసింది కూడా ఏదో సరిచూసుకోండి.

ఫైనల్ కట్‌లో చేసిన రిపేర్లు మా వృత్తివాళ్ళకి పండగ. జోరా అనే రెప్లికెంట్ అద్దాలు పగలగొట్టుకుంటూ పడిపోయే చోట పాత ప్రింట్లలో డూప్ స్పష్టంగా తెలిసిపోయేది, విగ్గుతో సహా. పాతికేళ్ళ తర్వాత ఆ పాత్ర వేసిన జోయానా కాసిడీనే పిలిచి, మళ్ళీ షూట్ చేసి, ఆమె మొహాన్ని డూప్ మీద కూర్చారు. పాముల వ్యాపారి దగ్గర డెకార్డ్ పెదాలకీ మాటలకీ పొంతన ఉండేది కాదు. అక్కడ ఫోర్డ్ కొడుకు నోటిని తీసి తండ్రి మొహానికి అతికించారు. రాయ్ చనిపోయినప్పుడు అర్ధరాత్రి వానలో వదిలిన పావురం పట్టపగటి నీలాకాశంలోకి ఎగిరేది, ఆ ఆకాశాన్నీ మార్చారు.

వీటికంటే నాకు ఇష్టమైన రిపేరు ఒక లెక్క. పాత ప్రింట్లలో పోలీసు బాసు బ్రయంట్, తప్పించుకున్నవాళ్ళు ఆరుగురు, ఒకరు కరెంటు తగిలి పోయారు అంటాడు. అంటే ఐదుగురు మిగలాలి. సినిమాలో కనిపించేది నలుగురే: రాయ్, ప్రిస్, జోరా, లియాన్. ఐదోవాడెవడు? ఇంకెవరు, డెకార్డే! అని ఏళ్ళ తరబడి అభిమానులు సిద్ధాంతాలు అల్లారు. జరిగింది మాత్రం మన దగ్గర రోజూ జరిగేదే. మేరీ అని ఇంకో రెప్లికెంట్ పాత్ర స్క్రిప్టులో ఉండేది, నటిని కూడా తీసుకున్నారు, తర్వాత ఆ పాత్రను ఎత్తేశారు. డైలాగులో అంకె మార్చడం మర్చిపోయారు. కంటిన్యుటీ తప్పు కాస్తా తత్వమై కూర్చుంది. ఫైనల్ కట్‌లో చనిపోయినవాళ్ళు ఇద్దరని సరిచేశారు, లెక్క సరిపోయింది.

మరి డెకార్డ్ రెప్లికెంట్ అనడానికి గట్టి ఆధారం లేదా? ఉంది, ఒంటికొమ్ము గుర్రం. డెకార్డ్ పియానో దగ్గర మగతగా ఉన్నప్పుడు అడవిలో యూనికార్న్ పరిగెత్తడం కొన్ని సెకన్లు కనిపిస్తుంది. చివర్లో అతని గుమ్మం దగ్గర వెండి కాగితంతో మడిచిన యూనికార్న్ బొమ్మ దొరుకుతుంది. కాగితాలు మడిచే అలవాటు తోటి పోలీసు గాఫ్‌ది. డెకార్డ్ మనసులోని గుర్రం గాఫ్‌కి ఎలా తెలుసు? దీనికి తాళంచెవి సినిమా మొదట్లోనే ఉంది. రేచల్ తను మనిషినేనని నమ్ముతూ వస్తే, ఆమె ఎవరికీ చెప్పని చిన్ననాటి జ్ఞాపకాన్ని, కిటికీ బయట గూడు కట్టిన సాలీడు, దాని పిల్లలు తల్లినే తినేయడం, డెకార్డ్ ఆమెకే అప్పజెప్తాడు. ఆ జ్ఞాపకాలు కంపెనీ యజమాని టైరెల్ మేనకోడలివి, నీవి కావు అంటాడు. అదే దెబ్బ చివర్లో డెకార్డ్‌కి తగిలిందన్నమాట. 1982 రిలీజ్‌లో చివరి బొమ్మ ఉంది గానీ అడవిలో గుర్రం లేదు, అందుకే అప్పటి ప్రేక్షకుడికి ఈ అనుమానం పెద్దగా రాలేదు. ఒక్క షాట్ కలిపితే హీరో పుట్టుకే మారిపోయింది. ఎడిటర్‌గా నాకు ఈ విషయం ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిపిస్తుంది.

ఇంత తెలిసీ నా ఓటు మనిషికే ఎందుకంటే, మేడ మీద సీను కోసం. రాయ్ తన స్నేహితులను చంపినవాణ్ణి, చూరు పట్టుకు వేలాడుతున్నవాణ్ణి, చెయ్యి పట్టుకుని పైకి లాగుతాడు. అప్పటికి తన ఆయుష్షు నిమిషాల్లో ఉంది. ఎవరు రెప్లికెంటో తేల్చే పరీక్ష పెట్టి ‘వీళ్ళకు జాలి లేదు’ అని తేల్చిన మనిషి మీద, ఆ జాలి లేనివాడు జాలిపడతాడు. డెకార్డ్ కూడా రెప్లికెంటే అయితే ఇది ఒక రెప్లికెంట్ ఇంకో రెప్లికెంట్‌ను కాపాడుకోవడం అవుతుంది. అదీ బాగానే ఉంటుంది గానీ ఆ చెంపదెబ్బ తగలదు. దర్శకుడు చెప్పాడు కదా అంటారా? తీసినవాడి ఉద్దేశం ఒకటి, తెర మీద పడింది ఒకటి. నేను కట్ చేసేది రెండోదాన్నే.

ఆ సీనులో రాయ్ చివరి మాటలు వింటారు, వానలో కన్నీళ్ళలా జ్ఞాపకాలు కలిసిపోతాయనే మాటలు. స్క్రిప్టులో అవి ఇంకా పొడుగు. నటుడు రూట్‌గర్ హవర్ షూటింగ్ ముందురోజు రాత్రి చాలావరకు కొట్టేసి, కన్నీళ్ళ వాక్యాన్ని తనే చేర్చాడు. డైలాగు పెంచమని అడిగే నటులను చాలామందిని చూశాను. తగ్గించుకుని గెలిచినవాణ్ణి చూపించమంటే ఈయన పేరే చెప్తాను.

ఇప్పుడు మీ నిద్ర. మీరు వేట చూద్దామని కూర్చున్నారు, సినిమా మిమ్మల్ని వానలో నిలబెట్టింది. మన భాషలో ల్యాగ్. 1982లో అక్కడి జనం కూడా అదే అన్నారు. పోస్టర్ మీద ఫోర్డ్ ఉన్నాడు కదా, సాహసాలు ఉంటాయనుకుని వెళ్ళారు. పైగా రెండు వారాల ముందే ‘ఇ.టి.’ వచ్చి థియేటర్లన్నీ ఊపేస్తోంది. సుమారు 2.8 కోట్ల డాలర్లు పెట్టిన సినిమా మొదటి రన్‌లో పెట్టింది కూడా రాబట్టలేదు. కథ కోసం చూస్తే ఇది పల్చటి సినిమానే, ఒప్పుకుంటాను. డిటెక్టివ్‌గా డెకార్డ్ గొప్పవాడేం కాదు, సగం పనులు అదృష్టం మీద అయిపోతాయి, పారిపోతున్న జోరాను వెనక నుంచి కాలుస్తాడు. చూడాల్సింది వేరే ఉంది.

కళ్ళు చూడండి. మొదటి నిమిషాల్లోనే తెరనిండా ఒక కన్ను, అందులో నగరం మంటలు. తర్వాత ఎవరు రెప్లికెంటో కంటిపాప కదలికను బట్టి చెప్పే వోయిట్-కాంఫ్ పరీక్ష. రేచల్ కళ్ళలో, గుడ్లగూబ కళ్ళలో ఎర్రటి మెరుపు ఉంటుంది. ఇది గ్రాఫిక్స్ కాదు. కెమెరామన్ జోర్డన్ క్రోనెన్‌వెత్ లెన్సు ముందు ఒక సగం పారదర్శకమైన అద్దాన్ని 45 డిగ్రీల వాలులో పెట్టి, పక్క నుంచి వచ్చే వెలుగును దాని మీద పడేసి నేరుగా నటుల కంట్లోకి పంపాడు. రాత్రిపూట రోడ్డు మీద మన హెడ్‌లైట్ పడ్డ కుక్క కళ్ళు మెరిసినట్టే. ఒక షాట్‌లో రేచల్ వెనకాల మసగ్గా నిలబడ్డ డెకార్డ్ కళ్ళూ మెరుస్తాయి, మీరే పట్టుకోండి.

జంతువులు చూడండి. ఆ పరీక్షలో ప్రశ్నలు తాబేలు, కందిరీగ, దూడతోలు పర్సు అంటూ పిచ్చిగా అనిపిస్తాయి. మా కుర్రాళ్ళు ఇక్కడే నవ్వుతారు. కారణం ఫిలిప్ కె. డిక్ 1968లో రాసిన మూల నవలలో ఉంది. అక్కడ యుద్ధం తర్వాత జంతువులు దాదాపు అంతరించిపోయాయి, బతికున్న జంతువును పెంచుకోవడం హోదా, స్తోమత లేని డెకార్డ్ కరెంటు గొర్రెను మేపుకుంటూ పరువు కాపాడుకుంటాడు. జంతువు మీద జాలి కలగడమే మనిషితనానికి గుర్తు. సినిమా ఈ నేపథ్యాన్ని వివరించదు, ప్రశ్నల్లో మాత్రం వదిలేసింది. ఇది తెలిసి చూస్తే కృత్రిమ గుడ్లగూబ, కృత్రిమ పాము, పాము పొలుసు మీద తయారీదారు నంబరు, అన్నీ ఒక వరసలోకి వస్తాయి. (డిక్ సినిమా పూర్తిగా చూడనేలేదు. కొన్ని నిమిషాల ఫుటేజి చూసి సంబరపడ్డాడు, రిలీజుకి దాదాపు నాలుగు నెలల ముందు 1982 మార్చిలో పోయాడు.)

వాన, పొగ ఎందుకంత అంటే సగం అందానికి, సగం అవసరానికి. ఆ వీధి బర్బ్యాంక్‌లోని స్టూడియో వెనకాల పాత సినిమాల్లో ఎన్నోసార్లు వాడిన న్యూయార్క్ వీధి సెట్టు. పగలు తీస్తే సెట్టని తెలిసిపోతుంది. రాత్రి, తడి, పొగ, నియాన్ బోర్డులు పెట్టాక ఎక్కడ అయిపోతుందో తెలియని నగరమైంది. తక్కువ బడ్జెట్ వాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, లైటు ఎక్కడ వేయకూడదో ముందు తేల్చుకోండి అని.

ఒక హెచ్చరిక. డెకార్డ్ ఇంట్లో రేచల్ వెళ్ళిపోబోతుంటే తలుపు మూసి, గోడకు నెట్టి, తనకు కావలసిన మాటలు ఆమె చేత అనిపించే సీను ఉంది. వెనక శాక్సోఫోన్ వాయిస్తూ ప్రేమ అని నమ్మించబోతారు. నాకు అది ప్రేమగా ఎప్పుడూ అనిపించలేదు, ఈ సినిమాలో నేను సమర్థించలేని చోటు అదొక్కటే. ఒకసారి ఒక అసిస్టెంట్ అమ్మాయి “ఆమె తనను తాను మనిషి కాదని తెలుసుకున్న రోజే వీడు వస్తువులా వాడుకున్నాడు కదా సార్” అంది. తర్వాత ఆ సీనును అలాగే చూపిస్తున్నాను. రక్తం కూడా ఉంది, టైరెల్ చావు చూడలేం. పిల్లలతో వద్దు.

2049 సంగతి. 2017లో డెని విల్‌నోవ్ తీశాడు, కథ ముప్ఫై ఏళ్ళ తర్వాతిది, నిడివి 163 నిమిషాలు, మొదటిదాని 117కి నిద్రపోయినవాళ్ళు ఆలోచించుకోవాలి. రోజర్ డీకిన్స్‌కి కెమెరా పనికి ఆస్కార్ వచ్చింది, న్యాయంగానే వచ్చింది. కాని అందులో దెబ్బ తగలాల్సినవన్నీ రేచల్ ఎవరో, డెకార్డ్ ఏం పోగొట్టుకున్నాడో తెలిసినవాళ్ళకే తగులుతాయి. డెకార్డ్ మనిషా కాదా అన్నది అదీ తేల్చదు, తెలివిగా తప్పుకుంది.

చూసే పద్ధతి ఒక్కటి చెప్పి ఆపుతాను. రాత్రి, లైట్లు ఆర్పేసి, ఫోన్ పక్క గదిలో పెట్టి, మంచి హెడ్‌ఫోన్స్‌తో చూడండి. వాంజెలిస్ సంగీతం, వాన చప్పుడు, బోర్డుల రొద విడివిడిగా వినపడాలి, లాప్‌టాప్ స్పీకర్లలో అవన్నీ ఒకే ముద్ద. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. గాఫ్ మాట్లాడే కలగాపులగం భాష అర్థం కాకపోతే కంగారుపడకండి, అందులో హంగేరియన్ కూడా ఉంది, అమెరికా వాళ్ళకీ అర్థం కాలేదు. భోజనం చేసిన వెంటనే మాత్రం కూర్చోకండి. మా గదిలో గురకలన్నీ మధ్యాహ్నం బిర్యానీ తర్వాత వేసిన షోలవే.